అటక మీది ఫ్యాన్ తిరిగింది

"ఈ ఫ్యాను మోటారు నీ పెండ్లికి కొంటే నీ కొడుకు పెండ్లికి గూడా తిరుగుతాంటాదప్పా" అని హిందూపురం అంగడాయన నాకు మాటిచ్చాడు. నాకింకా పెళ్ళి కాలేదు. మోటారు రెండో ఎండాకాలం దాటలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ రేపు మనిషిని పంపిస్తానన్నాడు. ఆ రేపు రాకపోయేసరికి నేనే పూనుకున్నాను. ఫ్యాన్ తిరిగింది. మా ఇంట్లో గొడవ అక్కడే మొదలైంది.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేస్తాడు. మగ్గం గదిలో మేం సీలింగ్ ఫ్యాన్ పెట్టం. పడుగుకు గాలి తగిలితే పట్టు ఎండి పోగులు తెగుతాయి. అందుకని మగ్గానికి సరిగ్గా పైన అటకకు కంత పెట్టి, అటక గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించాం. గదిలో వేడిని ఆ కంతలోంచి లాగి బయటికి తోసేస్తుంది. కింద పోగు కూడా కదలదు.

ఈమధ్య స్విచ్ వేస్తే ఫ్యాన్ గుయ్యిమంటుందే కానీ తిరగదు. నాయన నిచ్చెనెక్కి చీపురుపుల్లతో రెక్కను తోస్తాడు. అప్పుడు తిరుగుతుంది. శ్రమజీవి యంత్రాన్ని పుల్లతో బతిమాలుకోవడం నేను చూడలేకపోయాను. మరమ్మతు మన హక్కు, అంగడివాళ్ళ భిక్ష కాదు అని చెప్పాను. నాయన పడుగులో నాడె ఆడించడం ఆపకుండా అంతా విన్నాడు. మగ్గం మీద ఉన్నది పెనుకొండ వాళ్ళ తలంబ్రాల చీర, తెల్లది, ఇరవయ్యో తేదీ పొద్దున వాళ్ళే వచ్చి తీసుకుపోతారు, అంతవరకూ ఫ్యాన్‌ను ముట్టద్దు అన్నాడు. నేను దాన్ని రాజీ ధోరణి అనుకున్నాను.

ఆయన జరీ తేవడానికి బజారుకు పోగానే అటకెక్కాను. కరెంటు తీసేసి రెక్కలు చేత్తో తిప్పితే సులువుగా తిరిగాయి, కాబట్టి బేరింగ్ బాగుంది. గుయ్యిమంటోందంటే కరెంటు అందుతోంది. మిగిలింది కండెన్సర్. పాతది పీకి, ముందే కొని దాచుకున్న కొత్తది వేశాను. వైర్లన్నీ మసి పట్టి ఒకే రంగులో ఉన్నాయి. ఏది ఎక్కడిదో గుర్తుందనుకున్నాను.

కిందికి దిగేసరికి అవ్వ రాట్నం మీద పట్టు చుడుతోంది. ఇక ఈ ఇంట్లో ఎవరూ పుల్ల ముందు తలవంచాల్సిన పని లేదని ప్రకటించి స్విచ్ వేశాను. నిజంగానే పుల్ల అక్కర్లేకుండా తిరిగింది.

తిరగడం ఎదురు తిరిగింది. బయటి గాలిని లోపలికి లాక్కుని, అటకలో ఇన్నేళ్ళుగా పేరుకున్న మసీ దుమ్మూ పావురాల ఈకలూ అన్నీ కలిపి ఆ కంతలోంచి తెల్లటి పడుగు మీదికి తోసింది. నేను సిద్ధాంతం ప్రకారం ఇది ఎలా సాధ్యమని ఆలోచిస్తూ నిలబడ్డాను. అవ్వ మంచం మీది దుప్పటి లాగి మగ్గం మీద కప్పేసింది.

"ముందు స్విచ్చి ఆర్పప్పా. ఉపన్యాసం తర్వాత ఇద్దువులే."

ఆర్పాను. నేసిన చీర మగ్గం ముందు దోనె కర్రకు చుట్టి, పైన గుడ్డ కప్పి ఉంది కాబట్టి అది బతికింది. ఇంకా కొంగు నేయాల్సిన పడుగు మాత్రం బూడిద రంగుకొచ్చింది.

నాయన వచ్చాడు. పైకి చూశాడు, నన్ను చూశాడు. "గాలి యాడికి పోవల్ల, యాడికి వచ్చిండాది?" అన్నాడు. కండెన్సర్ వైరు ఒకటి వేరే వైండింగుకు పడిందనీ, అయినా రోగం కనిపెట్టడంలో పొరపాటు లేదనీ వివరించాను. తప్పెవురిదని అడిగాడు. లాభాపేక్ష గురించి, మన్నిక లేని సరుకు గురించి, అంగడివాళ్ళ బాధ్యతారాహిత్యం గురించి చెప్పాను. ఆయన మెత్తటి బ్రష్ ఒకటి నా చేతిలో పెట్టాడు.

సాయంత్రం దాకా పోగుల మధ్య దుమ్ము దులిపాను. నేను కాస్త గట్టిగా దులిపినప్పుడల్లా పోగు తెగుతుంది. నాయన ముడి వేస్తాడు. ఆ ముడులు చూడలేక, లేచి వెళ్ళి హిందూపురం అంగడికి నోటీసు రాశాను: జరిగిన నష్టానికి ఎవరు బాధ్యులు? ఇచ్చిన మాట ఏమైంది? ఇరవయ్యో తేదీ పొద్దుటిలోగా జవాబు కావాలి.

నాయన దాన్ని నెమ్మదిగా రెండుసార్లు చదివాడు. బాగా రాసినావన్నాడు. పెన్ను తీసుకుని పైన అంగడి పేరు కొట్టేసి నా పేరు రాశాడు. తేదీ మార్చలేదు.