గుర్రం లేని కాలా ఘోడా

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే నాకు తొమ్మిదేళ్ల నాలుగు నెలలప్పుడు, మా మేనత్త పాలమూరు నుంచి కామాటిపురా పదకొండో గల్లీలోని మా ఇంటికి వచ్చింది. మామయ్య పోయి అప్పటికి ఏడాది దాటింది. బొంబాయిలో పని దొరికితే ఉంటుంది, లేకపోతే ఊరికి తిరిగి వెళ్లాలి. ఆమెకు చదువు రాదు, హిందీ అంతంతమాత్రం. రాత్రి నా పక్కనే పడుకునేది, పొద్దున నాకు జడ వేసేది. పదహారు రోజులు ఆమె నా ఒక్కదానిదే అనుకున్నాను.

పదిహేడో రోజున నాన్న ఆమెకు పని కుదిర్చాడు. ఫోర్టు వైపు కాలా ఘోడా దగ్గర కడుతున్న భవనంలో ఇటుకలు మోయాలి. సోమవారం ఎనిమిదికల్లా రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని మేస్త్రీ ముందే చెప్పాడు. నాన్న ఆరింటికే వేరే చోటికి పనికి వెళ్తాడు కనుక ఆమె ఒక్కతే బస్సెక్కాలి.

దారి నేర్పే బాధ్యత పక్కింటి అక్క తీసుకుంది. ఆమెకు పదమూడేళ్లు. మా వైపు స్టాపుల పేర్లకే నవ్వొస్తుంది. పీలా హౌస్‌లో పసుపు రంగు ఇల్లు కనిపించదు. దో టాంకీలో రెండు టాంకులు నేనెన్నిసార్లు వెతికినా దొరకలేదు. అక్క భుజానికి సంచి తగిలించుకుని, వరండాలో కండక్టరులా నిలబడి, "చలో, కాలా ఘోడా ఉతరో!" అని, దిగమన్నట్టు చెయ్యి ఊపుతూ అరిచింది.

"నల్ల గుర్రమా? గడ్డి పట్టుకపోవాల్నా పిల్లా?" అంది అత్త.

"గడ్డెందుకత్తా, ఆఫ్ టికెట్ తీస్కో దానికి!"

వరండా అంతా నవ్వింది. ఆ సాయంత్రం అత్త అక్క మాటలకు ఏడుసార్లు నవ్వింది. నేను స్టాపులన్నీ ఒక్కటీ తప్పకుండా వరసగా అప్పజెబితే, "మంచిగ చెప్పినవ్" అని మళ్లీ అక్క వైపే తిరిగింది. నాకు కడుపు మండిపోయింది.

ఆదివారం జడ వేస్తూ అత్త నన్ను అడిగింది, అక్కడ నిజంగా గుర్రం ఉంటుందా అని. ఆ కూడలిలో ఒకప్పుడు గుర్రం మీద రాజు విగ్రహం ఉండేది. దాన్ని తీసి బైకుల్లాలో జూ ఉన్న రాణీబాగ్‌లో పెట్టారు. పేరు మాత్రం పాతచోటే ఉండిపోయింది. బడివాళ్లు తీసుకెళ్లినప్పుడు ఆ విగ్రహాన్ని చూశాను కాబట్టి ఇదంతా నాకు తెలుసు. నేను అన్నది ఇంతే: "ఆడ గుర్రం లేదత్తా. నల్ల గుర్రం రాణీబాగ్‌ల ఉన్నది. అక్క ఊకె నవ్విస్తది." మొదటి రెండు మాటల్లో అబద్ధం లేదు.

సోమవారం అత్త, గుర్రం ఉన్నచోటే పని అనుకుని, రాణీబాగ్‌కు టికెట్ అడిగింది. గేటు తెరిచేదాకా నిలబడింది. లోపల గుర్రాన్ని చూసింది, కడుతున్న భవనం మాత్రం కనిపించలేదు. వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ నడిచి కాలా ఘోడా చేరేసరికి పదకొండు దాటింది. ఆమె చోటులో వేరే మనిషి ఇటుకలు మోస్తోంది.

సాయంత్రం అక్క, "అత్త పని ఎగ్గొట్టి జూ చూసొచ్చింది!" అంటే అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. నాన్న మాత్రం నవ్వలేదు. అటు పొమ్మని ఎవరు చెప్పారని అడిగాడు. నేను వరండా కటకటాలు పట్టుకుని గల్లీలోకి చూశాను.

"ఎవ్వరు చెప్తరన్నా? నేనే గుర్రాన్ని ఎతుక్కుంట పోయిన," అంది అత్త.

మర్నాడు నా తల దువ్వుతూ మెల్లగా అంది. "బిడ్డా, నువ్వు జెప్పింది నిజమే. గుర్రం ఆడనే ఉన్నది. గని నేనడిగింది గుర్రం కోసం కాదు, పని కోసం." జడ ఏ రోజూ లాగనట్టే ఆ రోజూ లాగలేదు.

ఆమెకు వర్లిలో ఇంకో పని దొరకడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. అన్ని రోజుల్లో ఆమెను ఊరికి పంపే మాట మా ఇంట్లో నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ నేను లేచి బయటికి వెళ్లిపోయాను. అత్త తాను బతికున్నన్నాళ్లూ నా పేరు ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నాకు అరవై తొమ్మిదేళ్లు. నేను చెప్పిన లెక్క తప్పదని ఇరుగుపొరుగు అంటారు. ఎవరైనా ఏదైనా అడిగితే మాత్రం వెంటనే చెప్పను. అది వాళ్లకు ఎందుకు కావాలో కనుక్కుంటాను. నాలో ఎవరి మీదైనా ఆ పాత మంట రగులుతోందేమో కూడా చూసుకుంటాను. కొన్నిసార్లు రగులుతూనే ఉంటుంది.