గడ్డం తొండ బేరం

మొన్న ప్రేమ్ బజార్‌లో ఒక కొట్టు ముందు, గాజుపెట్టెలోంచి బియర్డెడ్ డ్రాగన్ అనే గడ్డం తొండ తలెత్తి నన్ను చురుగ్గా చూసింది. పదేళ్ల వయసులో నేను కొన్నది అలా చూడలేదు.

మాది ఝపటాపూర్‌లో కిరాణా కొట్టు. వంకలు పెడితేనే ధర దిగుతుందని నాకు ఉగ్గుపాలతోనే తెలుసు.

"కళ్లు లోపలికి పోయినాయి, తోక సన్నగుంది, కదలదేటి దాదా?" అన్నాను ఆ రోజు, అమ్మేవాడితో.

అమ్మేవాడు ఒక్క మాటా కాదనలేదు. "ఠీక్ హై, తగ్గించి ఇస్తాను, తీస్కెళ్లు" అన్నాడు. గెలిచానని గంతులేస్తూ ఇంటికొచ్చాను.

మూడు రోజులు అది పురుగు ముట్టలేదు. నాలుగో రోజు నా అరచేతిలో చల్లబడిపోయింది.

నాన్న మెల్లగా అడిగాడు: "రోగాలన్నీ నువ్వే సెప్పినావు కదరా. మరెందుకు కొన్నావు?"

వంకలు బేరం కోసమే పుడతాయనుకున్నాను. అవి దాని ఒంట్లో ఉన్నాయనుకోలేదు.