మంగళవారాల సీజను

నిన్న మా భవనం కింద ఇస్త్రీ కొట్టు నడిపే బీహారు ఆయన నా తెల్లచొక్కా తిరిగి ఇస్తూ, కుడిచేతి మణికట్టు దగ్గర గుండీ లేదు, చెబితే కుట్టి ఇస్తానన్నాడు. వద్దన్నాను. ఎడమచేతికి గుండీ ఉండి కుడిచేతికి లేకపోతే ఏం బాగుంటుందన్నట్టు చూసి, ఇంకో చొక్కా అందుకున్నాడు. ఆ గుండీ ఊడిపోయింది కాదు. మూడు నాలుగేళ్ళ కిందట ఒక మంగళవారం ఇంటికి వచ్చాక బ్లేడుతో నేనే తీసేశాను.

మన వయసు వాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. కరోనా వచ్చిన రెండో ఏడాది. నేను అబూధాబీలో మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోనే ఉన్నాను, ఇప్పటికీ ఇక్కడే. విమానాలు మళ్ళీ మొదలవగానే మొదటి విడతలోనే నా భార్య కాకినాడ వెళ్ళింది, ఆమె అక్కడ ఉండగానే ఇక్కడి వీసా గడువు తీరిపోయింది. దస్తావేజులు అనువాదం చేసే మా ఆఫీసు నన్ను ఇంటి నుంచే పని చేసుకోమంది. వినడానికి సుఖంగానే ఉంటుంది. పాతికేళ్ళు పత్రిక డెస్కు మీద పదిమంది అరుపుల మధ్య వార్తలు దిద్దినవాడికి నాలుగు గోడల మధ్య కౌలు ఒప్పందాలు, మరణ ధ్రువపత్రాలు తెలుగు చేస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. కొన్ని వారాల్లో శుక్రవారం నుంచి మంగళవారం దాకా నేను నోరు విప్పి మాట్లాడింది కిరాణా కొట్టువాడితో ఫోనులో, పాలూ బ్రెడ్డూ పంపమని, అంతే.

అలాంటి నన్ను బయటికి లాగింది స్నూకర్. కాకినాడలో మా డెస్కు పని సాయంత్రం మొదలయ్యేది కాబట్టి మధ్యాహ్నాలు ఊళ్ళో క్లబ్బులో ప్లీడర్ల పక్కన నిలబడి బిలియర్డ్స్ నేర్చుకున్నాను. ఆ చేతి అలవాటు ఇంకా పోలేదు. మా పక్కనే ఉన్న పారిశ్రామికవాడ ముసఫ్ఫాలో, టైర్ల దుకాణాల వెనక వీధిలో ఒక క్లబ్బు ఉండేది, నాలుగు బల్లలు, సగం పనిచేసే ఏసీ. చుట్టుపక్కల క్లబ్బులన్నీ కలిసి ఎనిమిది జట్లతో లీగు పెట్టుకున్నాయి. జట్టుకు ముగ్గురు, ఒక్కొక్కరు ఒక్కో ఆట. రెండు గెలిచిన జట్టుదే మ్యాచ్. నిండు చేతుల తెల్లచొక్కా, దానిమీద నల్ల వెయిస్ట్‌కోటు తప్పనిసరి. మా జట్టులో నేను, మందుల షాపులో పనిచేసే ఒక మలయాళీ, జగిత్యాల వైపు నుంచి వచ్చిన క్రేను ఆపరేటరు మిత్రుడు ఒకడు.

ఆ మిత్రుడే ప్రతి మంగళవారం సాయంత్రం పికప్ తీసుకుని వచ్చి నన్ను ఎక్కించుకునేవాడు. కింద నుంచి ఫోను చేసి, "సారూ, యల్లా, జల్ది దిగు. గా సిగ్నల్ కాడ జామ్ అయితే ఆల్లకు వాకోవరే, ఆడకుండనే ఓడుతం," అని తొందరపెట్టేవాడు. ఫోనులో పరీక్ష ఫలితం పచ్చగా కనిపిస్తేనే క్లబ్బులోకి రానిచ్చేవారు. ఆ పచ్చరంగు పోకుండా ఉండడానికి నేను రెండు వారాలకోసారి ముక్కులో పుల్ల పెట్టించుకున్నాను. ఆఫీసు కోసం అయితే అంత శ్రద్ధ పెట్టేవాణ్ణి కాదు. దారి పొడుగునా మాస్కులోంచే ఆయన కబుర్లు: క్యాంపులో వంట, ముదీర్‌గా, అంటే మేనేజరుగా, కొత్తగా వచ్చినవాడి కోపం, ఇంటి దగ్గర వేసిన బోరు. నేను బల్ల దగ్గర నానా కోణాల్లోంచి చూసి చూసి ఆఖరికి బంతి తప్పితే, "గంటసేపు సోంచాయించి మరీ తప్పు కొడ్తరేంది సారూ, పేపర్లగూడ గిట్లనే రాసిండ్రా?" అని నవ్వేవాడు. ఆ ఎగతాళి కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ణని ఆయనకు తెలియదు.

మా లీగులో అంపైరు ఉండేవాడు కాదు. ఎదుటి జట్టులో ఆట లేనివాడు బల్లకు ఆ చివర నిలబడి పాయింట్లు రాసేవాడు. ఫౌలు మాత్రం ఎవరిది వాళ్ళే చెప్పుకోవాలి. చొక్కా అంచు బంతికి తగిలినా, కర్ర రెండుసార్లు తాకినా, ఆడేవాడే చెయ్యెత్తి "ఫౌల్" అనాలి. పాకిస్తానీ, ఫిలిప్పినో, మలయాళీ, మనవాళ్ళు, ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. అది అక్కడి మర్యాద.

లీగు ఆఖరి మ్యాచ్‌లో చెరో ఆట గెలిచి సమంగా ఉన్నాం. మూడోది నాది. గెలిస్తే మొదటి నాలుగు జట్లలో ఉంటాం, సెమీఫైనల్ ఉంటుంది. ఓడితే సీజను ఆ సాయంత్రంతో సరి. బల్లమీద నీలం, గులాబి, నలుపు మిగిలాయి. మూడూ నేనే గుంటల్లో వేస్తే గెలుపు. నీలం కొట్టడానికి తెల్లబంతి వైపు గులాబి మీదుగా వంగాను. నాది ఎడమచేతి వాటం; బల్లమీద ఆనించిన కుడిచేతి గుండీ గులాబికి తగిలి, అది గోరంత కదిలింది. పాయింట్లు రాసేవాడి కళ్ళద్దాలు మాస్కు ఆవిరికి మసకబారి ఉన్నాయి. ఎవరూ చూడలేదు.

చెయ్యెత్తితే ఆట పోయినట్టే. గెలుపు మీద అంత మోజు నాకు ఆ వయసులో లేదు. నాకు కనిపించింది వచ్చే మంగళవారం. పికప్ రాని మంగళవారం, గదిలో ఏసీ చప్పుడు. చెయ్యెత్తలేదు. నీలం పడింది, గులాబి పడింది, నలుపు కూడా పడింది. మలయాళీ తమ్ముడు మోచేత్తో నా మోచేతిని పొడిచి అభినందించాడు.

తిరిగి వస్తున్నప్పుడు క్రేను మిత్రుడు ఎందుకో రేడియో పెట్టాడు. మా భవనం ముందు దింపాక, అద్దం దించి, రోడ్డు వైపే చూస్తూ, "సారూ, వచ్చేసారి అంగి చేతులు జర మడుసుకో. గుండీ పెద్దగున్నది," అన్నాడు. అద్దం ఎక్కించి వెళ్ళిపోయాడు. ఆ రాత్రే గుండీ కోసేశాను.

సెమీఫైనల్లో మొదట నేను ఓడిపోయాను. మలయాళీ గెలిచాడు. మూడోది క్రేను మిత్రుడిది, ఆయన ఆ రోజు ఆడినట్టు సీజను మొత్తంలో ఆడలేదు. ఇంక రెండు బంతులు వేస్తే ఫైనల్. వంగి, గురి చూసి, కొట్టకుండానే లేచి నిలబడి చెయ్యెత్తాడు. "ఫౌల్, భాయ్. మేరా షర్ట్ టచ్ హువా." ఎదుటి పఠాన్ నమ్మలేక, "కహా టచ్ హువా, యార్?" అని అడిగాడు కూడా. "ఖలాస్, హో గయా," అని ఈయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆయన చొక్కా చేతులు మోచేతుల పైకి, క్రేను ఎక్కేటప్పుడు మడిచినట్టు, బిగించి మడిచి ఉన్నాయి. ఏ చొక్కా, ఏ బంతిని తాకిందో నాకు ఇప్పటికీ తెలియదు. లేదు, తెలుసు. నా చొక్కా, ఆ గులాబి.

ఆ ఆట ఓడిపోయాం. దారిలో నేను ఏదో అనబోతే, తిన్నావా సారూ అని మాట మళ్ళించాడు. దింపేటప్పుడు మాత్రం మామూలుగా నవ్వి, "మంగళవారాలు ఖలాస్ సారూ," అన్నాడు. నెల తిరక్కుండా కంపెనీ ఆయన్ని కల్బాలో పనికి పంపింది. కల్బా ఈ దేశానికి ఆ వైపు సముద్రం ఒడ్డున ఉంది. మొదట్లో వారానికోసారి ఫోను, తర్వాత పండగలకు, తర్వాత వాట్సాప్‌లో దండం పెట్టే బొమ్మలు.

నా భార్య ఆ తర్వాత రెండుసార్లు వచ్చి వెళ్ళింది. ముసఫ్ఫా క్లబ్బును బాగుచేశారు, ఏసీ గదిని చలిమంచులా ఉంచుతోంది. లీగు ఇప్పుడూ ఉంది. ప్రతి బల్లకూ పైన కెమెరా పెట్టారు, అనుమానం వస్తే టీవీలో వెనక్కి తిప్పి చూస్తారు. కుర్రాళ్ళు బాగా ఆడుతున్నారు, వాదించుకుంటున్నారు, తెర చూసి ఒప్పుకుంటున్నారు. ఎవరి తప్పు వాళ్ళు చెప్పుకునే అవసరం ఎవరికీ రావడం లేదు. మూల కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంటాను.

కల్బాకు బస్సులో వెళ్ళి రావడం ఒక్కరోజు పని. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. మొన్న పండక్కి ఆయనే ఫోను చేసి, ఇంకా ఆడుతున్నావా సారూ అని అడిగాడు. అప్పుడప్పుడు అన్నాను. చేతులు మడుసుకుంటున్నవా అంటాడేమో అనుకున్నాను. ఆయన అడగలేదు. నేను అనవలసిన మాట ఒక్కటే ఉంది, ఆ సాయంత్రం బల్ల దగ్గర చెయ్యెత్తి అనవలసింది. అటువైపు క్రేను హారను మోగుతుంటే, డ్యూటీ ఉంది సారూ అని ఆయనే పెట్టేశాడు.