సైరన్ వేళ హిగ్స్ పాఠం

గోదావరిఖనిలో లింగమూర్తిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. పిల్లలకు హిగ్స్ సారు, తోటి మాస్టర్లకు సైంటిస్టు, కన్నతల్లి లస్మవ్వకు మా పిచ్చోడు. తండ్రి బొగ్గుబాయి దిగి దిగి ఊపిరితిత్తులు పాడుచేసుకుని పోయాడు గానీ, పోయేలోపు కొడుకుచేత హైదరాబాదులో ఎమ్మెస్సీ చదివించాడు. కొడుకు అక్కడే పరిశోధనలో చేరాడు. కణాలకు బరువునిచ్చేది హిగ్స్. కణాలన్నిటిలోకీ బరువైనది టాప్ క్వార్కు. మరి ఆ టాప్‌ను హిగ్స్ ఎంత గట్టిగా పట్టుకుంటుంది? ఇదీ అతని ప్రశ్న. గైడు రిటైరయ్యాడు, ఇంకొకరెవరూ చేరదీయలేదు. పట్టా లేకుండా, ప్రశ్న ఒక్కటే పట్టుకుని ఇల్లు చేరాడు.

ఓపెన్‌కాస్టు గని పక్కన ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే పని దొరికింది. టెంపరరీ. ఎంసెట్ పాఠం చెబుతూ చెబుతూ, మాటల్లోనే, హిగ్స్‌ను వెతికే జెనీవా ప్రయోగశాలకు వెళ్ళిపోయేవాడు. 2012లో హిగ్స్ దొరికిందని వార్త వచ్చాక మరీ చెడిపోయాడు.

మరుసటి ఏడు కరస్పాండెంటు భీమశంకరం పిలిచాడు. ఆయనది గుంటూరు వైపు. మాట మెత్తన.

"చూడండి లింగమూర్తి గారూ, శనివారం పేరెంట్స్ వస్తున్నారు. మీరో క్లాసు చెబుతారు, మా జశ్వంత్ ఓ క్లాసు చెబుతాడు. వాళ్ళకి నచ్చినవాళ్ళే పర్మనెంటు. సిలబస్ దాటారా, ఇంక నన్నేమీ అనకండి."

జశ్వంత్ ఆయన మేనల్లుడు.

లస్మవ్వ మార్కెట్టు గేటు దగ్గర కూరగాయలు అమ్మేది. గంప మోసీ మోసీ మెడ ఒక పక్కకు వంగిపోయింది. "లింగా, ఒక్క పూట గా క్వార్కును మూటగట్టి అటకమీద పెట్టు బిడ్డా. నీ నౌకరి పక్కా అయితె నేను గీ గంప దించుత," అంది. లింగమూర్తి ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

శనివారం కటకాల పాఠం ఎత్తుకున్నాడు. ఎక్కడా తొణకలేదు. తల్లిదండ్రులు తలలూపుతున్నారు. వెనక బెంచీలో భీమశంకరం కూడా ఊపాడు. అంతలో సైరన్ మోగింది.

ఆ చుట్టుపక్కల సైరన్ మోగితే బడి కానీ, పెళ్ళి కానీ, అందరూ బయటికి రావలసిందే. గనిలో మందు పేలుస్తారు, కప్పురేకులు ఊడిపడతాయి. రెండో సైరన్ మోగేదాకా మైదానంలోనే కూర్చోవాలి. పిల్లలూ పెద్దలూ వచ్చి కూర్చున్నారు. అప్పుడు లేచింది దీప. బాయి కార్మికుడు మొగిలి బిడ్డ, క్లాసులో ఫస్టు.

"సార్, హిగ్స్ టాప్‌ను ఎంత గట్టిగ పట్టుకుంటదో ఇంకా ఎందుకు తేలలే?"

ఆ ప్రశ్న అతన్ని బతుకులో ఎవరూ అడగలేదు. జశ్వంత్ మూతి తుడుచుకుంటూ నవ్వు దాచుకోవడం లింగమూర్తి చూశాడు. అమ్మ నెత్తి గుర్తొచ్చింది. అయినా నోరు ఆగలేదు.

"మంచిగడిగినవ్ బిడ్డా! ఇప్పుడు గనిల మందు పేలుతది. పేలేది మనకు కనవడదు. లేసిన దుమ్ము, పడ్డ రాళ్ళు సూసి ఎంత మందు పెట్టిన్రో చెప్పాలె. గక్కడ గూడ గంతే. ప్రోటాన్లను గుద్దిస్తరు. ఒక్క గుద్దుల హిగ్సూ, టాపుల జోడీ కలిసి పుట్టాలె. నూరు హిగ్సులు పుడితె గట్ల పుట్టేది ఒకటో అరో. పుట్టంగనే అన్ని ఇరిగిపోతయి, మిగిలేటియి ముక్కలే. హిగ్స్ లేకుండ ఉత్త టాపులు పుట్టినా గసొంటి ముక్కలే! ఏది దేనిదో ఏరాలె. ఏరినంక, పట్టు మన లెక్కకు తేడా వచ్చిందనుకో..."

"సారూ," మొగిలి చెయ్యెత్తాడు, "గిది ఎంసెట్ల అస్తదా?"

"రాదు కాకా."

"మరెందుకే?"

మైదానమంతా ఘొల్లున నవ్వింది. కాళ్ళ కింద నేల అదిరింది. గుట్టల వెనక దుమ్ము లేచింది. "గదే! గదే సూడున్రి!" అని అరిచాడు లింగమూర్తి. రెండో సైరన్ మోగింది. జనం దులుపుకుని లోపలికి పోయారు. అతని చెయ్యి ఇంకా దుమ్మువైపే చాపి ఉంది.

సాయంత్రం భీమశంకరం కుర్చీ కూడా చూపలేదు. "పర్మనెంటు జశ్వంత్‌కేనండి. మిమ్మల్ని తరిమెయ్యను, అంత కసాయివాణ్ణి కాదు. రోజూ సైరన్ వేళకి వచ్చి పిల్లల్ని మైదానంలో కూర్చోబెట్టండి. ఆ కాసేపూ మీ హిగ్స్ మీరు చెప్పుకోండి."

జీతం మాట ఆయన ఎత్తలేదు. లింగమూర్తీ ఎత్తలేదు. పైగా థాంక్స్ చెప్పాడు, మనస్ఫూర్తిగానే.

మర్నాడు పొద్దున లస్మవ్వ గంప ఎత్తుకుంటూ కొడుకును పిలిచి మరీ చూపించింది. "నువ్వు చెయ్యి పెట్టిన జాగలనే పెట్టుకుంటున్న. సూడు, సక్కగ కూసున్నదా?"

అప్పటినుంచి సైరన్ మోగినప్పుడల్లా హిగ్స్ పాఠమే. మొదట పిల్లలు నవ్వారు, తర్వాత నవ్వడం కూడా మానేశారు. ఆ తర్వాత రాళ్ళు మొదలయ్యాయి. "సార్, పైనుంచి అస్తుంది, టాపే!" అంటూ గులకరాళ్ళు విసిరేవారు. లింగమూర్తి తల వంచి, చెప్పేది చెప్పుకుపోయేవాడు.

ఒకనాడు కుడి చెవి వెనక దెబ్బ తగిలింది. మగపిల్లలంతా ఎడమ పక్కనున్నారు. రాయి వచ్చింది కుడి పక్క నుంచి. ఆ వైపు మంచినీళ్ళ నల్లా గద్దె మీద కూర్చున్నది ఒక్కరే. చెవి తడుముకుంటూ అటు నడిచాడు.

"నువ్వేనా బిడ్డా?"

దీప నేల చూపులు చూసింది. "జశ్వంత్ సార్ ఎయ్యమన్నడు సార్. ప్రాక్టికల్స్ మార్కులు ఆయన చేతులనే ఉన్నయి."

"ఆనాడు ప్రశ్న?"

"అది గూడ ఆయన రాసిచ్చిందే."

లింగమూర్తి వేళ్ళకంటిన నెత్తురు చొక్కాకు తుడుచుకున్నాడు. "పోనీ, ప్రశ్న మంచిదే. నేను చెప్పింది సమజయిందా మరి?"

"నేను ఇనలే సార్," అంది దీప.

రెండో సైరన్ మోగింది. ఆమె పుస్తకాలు తీసుకుని తరగతికి పోయింది.