స్వీడన్ ప్రొఫెసరుకి పులిహోర

ఎనభైల మొదట్లో మేం అమెరికాలో, ట్రాయ్‌లో ఉండేవాళ్ళం. మావారు కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను యూనివర్సిటీ ల్యాబులో ఈస్ట్ కణాల మీద పనిచేసేదాన్ని. వచ్చే వేసవితో మా ప్రాజెక్టు గ్రాంటు ఆగిపోతోంది. ఎక్కడ అడిగినా ఖాళీ లేదన్న మాటే. అలాంటప్పుడు, ఆ చలికాలం కాన్ఫరెన్సుకి వచ్చిన ఒక స్వీడన్ ప్రొఫెసరు తన ల్యాబులో రెండేళ్ళ రీసెర్చి ఉద్యోగం ఉందని, నాతో మాట్లాడతానని కబురు పెట్టారు. మాట్లాడటమంటే మాకు భోజనానికి పిలవడమే. నాకా ఉద్యోగం వస్తే చాలు, రెండేళ్ళూ ఒంటరిగా వండుకు తింటానని మావారు కూడా సిద్ధపడిపోయారు. అన్నం వార్చడం రాని మనిషి!

ఆయన సరిగ్గా చెప్పిన టైముకే వచ్చి, ఎవరూ అడక్కుండానే గుమ్మం దగ్గర బూట్లు విప్పారు. మావారికి అక్కడే నచ్చేశారు. తనని పేరు పెట్టి పిలవమన్నారు. వాళ్ళ దేశంలో స్టూడెంట్లు కూడా అలాగే పిలుస్తారట. మా నాన్న వయసు మనిషిని పేరుతో పిలవడానికి నాకు నోరు రాలేదు. సర్ అనే అన్నాను.

తింటూ తింటూ, ఈస్ట్ కణాల్లోని ఒక ఎంజైము గురించి తాము రాసిన రీసెర్చి పేపరులో నాకు తేడాగా కనిపించిందేమిటని అడిగారు. వాళ్ళు కణాలను ఐసులో పెట్టి, తర్వాత ఎంజైమును కొలిచి, అది పెరగడానికి వేరే కారణం రాశారు. ఆ చల్లదనానికే ఎంజైము పెరుగుతోందని నా ప్రయోగాల్లో తేలింది. కానీ మనింట్లో కంచం ముందు కూర్చున్న పెద్దాయనతో మీ పని తప్పని ఎలా అంటాం? అంతా బాగుంది సర్ అంటూ పులిహోర వడ్డించాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ వడ్డించాను. పాపం, మొహమాటానికి అదీ తిన్నారు.

వెళ్ళబోతూ, ఒక బూటు తొడుక్కుని ఆగారు.

"మా రిజల్టు నీకు రావడం లేదని మీ ప్రొఫెసరు చెప్పారు. అది వినడానికే వచ్చాను," అన్నారు.

ఇక దాచలేక ఐసు సంగతంతా గుమ్మంలోనే చెప్పేశాను. ఆయన బూటు విప్పి, లోపలికొచ్చి కూర్చుని, నా చేత గ్రాఫులు గీయించుకున్నారు. వాటిని మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నారు:

"ఆ పేపరును ముందుకు తీసుకెళ్ళడానికే ఈ ఉద్యోగం. నువ్వు చెప్పింది నిజమైతే ఉద్యోగమే ఉండదు."

అది నాకు ముందే తెలుసు. అందాకా నా నోరు కట్టేసింది ఒక్క మర్యాదే కాదు.

ఆయన వెళ్ళాక మావారు, "పులిహోరతో ఆపేసుంటే జాబ్ వచ్చేది కదా," అన్నారు. కోపం కాదు, దిగులు.

మంచు కరిగే రోజుల్లో ఆయన ఫోన్ చేశారు. ప్రయోగం మళ్ళీ చేయించారట. తప్పు ఐసుదే. పోస్టు రద్దయింది. ఆ మాట ఇంకొకరి చేత చెప్పించడం ఇష్టం లేక తనే చేశానన్నారు. తప్పు దిద్దుతూ రాసే పేపరులో ముందు నా పేరే వేస్తామన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోయినందుకో, ఆయన అంత దూరం నుంచి ఫోన్ చేసినందుకో తెలియదు. ఇక ఆయన నుంచి నేను ఆశించేదేమీ లేదు. థాంక్స్ చెబుతూ, మొదటిసారి ఆయన్ని పేరు పెట్టి పిలిచాను.