నాయనమ్మకు పిన్ని చెప్పిన సినిమా

మా చిన్నప్పుడు సినిమా చూడాలంటే పట్టపగలే ఇంట్లో చీకటి చేసుకోవాలి... ఆదివారం భోజనాలు కాగానే మా బాబాయ్ కిటికీలకు దుప్పట్లు కట్టేవాడు. వీడియో షాపు నుంచి రిక్షాలో కలర్ టీవీ, క్యాసెట్లు వేసే డెక్కు దిగేవి. రామచంద్రపురంలో మా వీధి వీధంతా మా సావిట్లోనే ఉండేది.

ఎవరి చాప వాళ్లే తెచ్చుకునేవారు. అమ్మ ఒక బిందెడు మంచినీళ్లు, గ్లాసు పెట్టి ఊరుకునేది. అంతకంటే మర్యాదలు చేస్తే ఆవిడ సినిమా చూసేదెప్పుడు?

నాయనమ్మకు చూపు ఆనేది కాదు. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేవి కావు. అయినా ఆవిడకు సినిమా పిచ్చి... అందుకని మా పిన్ని, అంటే బాబాయ్ భార్య, పక్కన కూర్చుని సినిమా అంతా ఆవిడ చెవిలో చెప్పేది. ఎవరూ అప్పజెప్పిన పని కాదు, తనే పెట్టుకుంది.

"ఆకుపచ్చ చీర కట్టిందండి అత్తయ్యగారూ... అంచు మాత్రం ఏం బాలేదండి."

కథ కంటే చీరలే ఎక్కువ. నాయనమ్మ ఒళ్లో కూర్చుని నేను కళ్లతో ఒకటి, చెవులతో ఒకటి, రెండు సినిమాలు చూసేదాన్ని.

ఒక్క సినిమా మాత్రం మా గడప తొక్కకూడదు. అందులో చివర కూతురు పురిట్లో పోతుంది. మా మేనత్త అలాగే పోయింది. నాయనమ్మకు ఒక్కగానొక్క ఆడపిల్ల. ఆ సినిమా మా ఊరి హాల్లో ఆడినన్నాళ్లూ ఇంట్లో దాని పేరే ఎత్తలేదట. ఇవన్నీ పెద్దయ్యాక అమ్మ చెబితే తెలిసిన సంగతులు.

ఒక ఆదివారం బాబాయ్ కామెడీ సినిమా అడిగి తెచ్చాడు. డబ్బా మీద బొమ్మ అదే. లోపల క్యాసెట్ మాత్రం ఆ రాకూడని సినిమాది... వీడియో షాపుల్లో ఇలాంటివి మామూలే కదా. పేర్లు పడగానే బాబాయ్ గబుక్కున లేచి డెక్కు ఆపబోయాడు.

"ఏంట్రా, మొదలెట్టి ఆపేస్తున్నావ్? జనం వచ్చి కూర్చున్నారు, ఉండనీ" అంది నాయనమ్మ.

ఆయన పిన్ని వంక చూశాడు.

"ఉండనివ్వండి. నేను చెప్తాను కదా" అంది పిన్ని.

చెప్పింది... చీరలతో సహా అంతా చెప్పింది. చివరికొచ్చేసరికి టీవీలో ఒకటే ఏడుపు. నాయనమ్మ అరచేయి వచ్చి నా కళ్లు మూసింది. ఆ చేతికి వక్కపొడి వాసన. ఇక నాకు పిన్ని గొంతే దిక్కు.

"గండం గడిచిందండి అత్తయ్యగారూ... తల్లీ బిడ్డా క్షేమం. వాళ్లమ్మ సంతోషం పట్టలేక ఏడుస్తోందండి."

సావిట్లో సగం మంది ఆ సినిమా హాల్లో చూసినవాళ్లే. ఎదురింటి మాస్టారైతే పేర్లు పడకముందే కథంతా చెప్పేసే మనిషి. ఆయన కూడా నోరు మెదపలేదు.

"ఆడపిల్లేనా?" అని అడిగింది నాయనమ్మ.

"ఆడపిల్లేనండి. అచ్చం తల్లి పోలిక."

"పోన్లే అమ్మా... మంచి సినిమా."

నాయనమ్మ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. నిరుడు పిన్ని కూడా వెళ్లిపోయింది. నేను విశాఖపట్నంలో ఉద్యోగం, ఒక్కదాన్నే. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఏం తోచక ఫోన్ తిప్పుతుంటే, డౌన్‌లోడ్ యాప్‌లో ఆ సినిమా కనపడింది. డబ్బు కట్టి దర్జాగా దించుకున్నాను.

మంచి చెప్పాలంటే చాలానే ఉంది. బొమ్మ అద్దంలా ఉంది. అప్పటి క్యాసెట్లు కాపీకి కాపీ... హీరో మొహం నిండా గీతలు, కింద బట్టల కొట్టు ప్రకటన పరిగెడుతుండేది. సినిమా తీసినవాళ్లకు పైసా ముట్టదన్న ఆలోచనే మనకు ఉండేది కాదు. ఇప్పుడు ఆ పాపం లేదు. డబ్బాలో ఒకటి, లోపల ఒకటి ఉండదు. కరెంటు పోయినా ఆగదు. అన్నీ ఒప్పుకుంటాను.

చెడూ ఉంది. డబ్బు కట్టినా అది మనది కాదట... మొదలెట్టాక రెండు రోజుల్లో చూసెయ్యాలి, లేకపోతే దానంతటదే పోతుంది. కొన్నామో, అద్దెకు తెచ్చుకున్నామో తెలియని బేరం. పైగా ఫోన్లో సినిమా ఒక్క మనిషికే సరిపోతుంది. పక్కన ఇంకొకరు చాప వేసుకునే చోటుండదు. నాకు అన్నిటికంటే అదే బాధ.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూశాను. ఆఖరి సీను చూడలేక కళ్లు మూసుకున్నాను... అప్పుడు వినపడింది. డాక్టరు తల్లిని కాపాడలేకపోయామని చెప్పడం, ఆ ముసలావిడ కూతుర్ని పేరు పెట్టి లేవమని పిలవడం... ఒక్క మాట కూడా పొల్లుపోకుండా వినపడింది.

నాయనమ్మవి పాము చెవులు. వీధి మలుపులో పాలవాడి సైకిల్ చప్పుడు అందరికంటే ముందు ఆవిడకే తెలిసేది. చూపు లేని మనిషి నా కళ్లు ఎందుకు మూసింది? పిన్ని నోరు తెరవకముందే మూసింది... ఆవిడకు అంతా తెలిసిపోయింది. తెలిసే, "ఆడపిల్లేనా" అని అడిగింది. తన కోసం కోడలు పడుతున్న తాపత్రయం చూసి, ఆ కోడలి కోసం నమ్మింది.

"ఆ రోజు అత్తయ్యగారు నమ్మేశారే... నాకదే తృప్తి" అని పిన్ని చివరిదాకా అనేది. ఇప్పుడు ఈ సంగతి నేనెవరికి చెప్పుకోను?

రెండు రోజులకు సినిమా ఫోన్లోంచి పోయింది. మళ్లీ దించుకోవచ్చు, ఎంతసేపు. కానీ ఎన్నిసార్లు దించుకున్నా అందులో ఆ కూతురు బతకదు... ఆ కూతురు బతికిన సినిమా పిన్ని ఒక్కదాని దగ్గరే ఉండేది.

మీ ఇంట్లో ఎవరండీ సినిమా చెప్పేవారు? వాళ్లు ఇంకా ఉంటే, ఈ ఆదివారం ఒకసారి పక్కన కూర్చుని చెప్పించుకోండి...