ఓబులమ్మకు అందని కాగితం

రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవిలో నన్ను జమ్మలమడుగు నుంచి లింగాల మండలానికి మార్చారు. ప్రొద్దుటూరులో ఆఫీసు పెట్టుకుని పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నేను అప్పటికి మూల్యాంకన అధికారిని. పేరు పెద్దదే గానీ పని ఒక్కటే. మా కేంద్రాల్లో నేర్చుకున్న తల్లులకు నిజంగా చదువు వచ్చిందా లేదా అని పరీక్షించి, రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. అంతకుముందు అదే సంస్థలో శిక్షకుణ్ణి. పాఠం ఎట్లా చెప్పాలో కార్యకర్తలకు నేర్పేవాణ్ణి. మాట కటువు మనిషిని. నా వెనక అందరూ ‘కత్తెర సారు’ అనుకునేవాళ్లని తెలుసు, లోలోపల దానికి మురిసిపోయేవాణ్ణి కూడా.

మా పద్ధతిలో తల్లీబిడ్డా పక్కపక్కన కూర్చుంటారు. ఇంకా బడి వయసు రాని బిడ్డ బొమ్మల పుస్తకంలో వరుస కింద వేలు పెట్టి మెల్లగా జరుపుతుంది. తల్లి ఆ వేలు వెంబడే పైకి చదువుతుంది. తల్లికి చదువు పట్టుబడుతుంది, బిడ్డకు అక్షరాలు ఎటునుంచి ఎటు పోతాయో తెలుస్తుంది. ఏడాది తర్వాత మూల్యాంకనం ఉంటుంది. ముందెప్పుడూ చూడని పది వరుసల కాగితం సీలు వేసిన కవరులో ప్రొద్దుటూరు నుంచి వస్తుంది. దాన్ని ఎవరూ అందించకుండా ఒంటరిగా చదవాలి. గట్టెక్కినవాళ్లలో ఒకరిని ఆ ఊరి అంగన్‌వాడీలో రోజూ పిల్లలకు కథలు చదివే ‘కథల అక్క’గా తీసుకుంటారు.

లింగాల దగ్గరి ఒక ఊరి కేంద్రంలో చదువుకున్న ఓబులమ్మ చీనీ తోటల్లో, అంటే బత్తాయి తోటల్లో, కూలికి పోయేది. చిన్నప్పుడు బడి గడప తొక్కలేదు. ఆ కేంద్రం నడిపే షమీమ్ ఆమెను తెగ మెచ్చుకునేది. “శానా బాగా చదువుతాది సార్. ఆయమ్మ కథ చెప్తాంటే పిల్లోళ్లు నోరు తెరుచుకోని వింటారు,” అనేది. పరీక్ష రోజు పొద్దున ఓబులమ్మ నాలుగేళ్ల కూతురు ప్రసన్నను వెంటబెట్టుకుని అందరికంటే ముందే వచ్చింది. నన్ను పక్కకు పిలిచి చెప్పింది: “సార్, ఈ కథల అక్క పని నాకొస్తే మేం ఈడనే ఉంటాం. రాకుంటే మా ఆయన తాడిపత్రి పక్క తోటలకు పోదామంటాండాడు. ఆ తోటల్లో బిడ్డకు బడి యాడుంటాది సార్?”

బాగా చదువమ్మా, అన్నీ అవే వస్తాయి అన్నాను. అధికారులు అనే మాటే అది.

ఆమె వంతు వచ్చింది. కాగితం చేతికిచ్చాను. ప్రసన్న వచ్చి తల్లి పక్కన చతికిలబడి వేలు చాపింది. బిడ్డను బయటికి పంపమన్నాను. ఓబులమ్మ ముఖం మారిపోయింది. “కూర్చోనీండి సార్. అది పక్కన ఉంటేనే నాకు సరిగ్గా చదవను వస్తాది,” అంది.

నాకు చిర్రెత్తింది. బిడ్డ చెవిలో అందిస్తే తల్లి అప్పజెప్పడం జమ్మలమడుగులో ఒకటి రెండు చోట్ల చూసి ఉన్నాను. ఇదీ ఆ బాపతే అనుకున్నాను. “పరీక్ష నీకా, నీ బిడ్డకా?” అన్నాను. అందరూ వినేట్టే అన్నాను. షమీమ్ పాపను వరండాలోకి తీసుకుపోయింది.

ఓబులమ్మ మొదలుపెట్టింది. మొదటి రెండు వరుసలు బాగానే చదివింది. మూడో వరుస వదిలేసి నాలుగోదానికి దూకింది, మళ్లీ వెనక్కి వచ్చి రెండోదే ఇంకోసారి చదివింది. తన వేలు పెట్టుకుని చూసింది. తోట పనికి మొద్దుబారిన వేలది, పెడితే రెండు వరుసలు దాని కిందికే పోయాయి. వేలు తీసేసి, ఐదో వరుసలో ఆగిపోయింది. చెమట తుడుచుకుని కాగితం నా ముందు పెట్టింది. ‘ఉత్తీర్ణురాలు కాదు’ అని సిరాతో రాసి సంతకం పెట్టాను.

వరండాలోకి వస్తే ప్రసన్న మా బొమ్మల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఈ గడుగ్గాయే కదా అందించేది, చూద్దాం అనుకుని ఒక వరుస చూపించి చదవమన్నాను. పాప నన్ను వింతగా చూసింది.

“నాకు రాదు. నేను వేలు పెడ్తా. మాయమ్మ చదువుతాది,” అంది.

ఒక్కో అక్షరం చూపించి అడిగాను. ఒక్కటీ రాదు. అందించడమన్నదే లేదు. ఆ పాప వేలు తల్లికి వరుస తప్పిపోకుండా దారి చూపేది, అంతే. అట్లా కూర్చుని చదవమని ఊరూరా తిరిగి నేర్పింది ఎవరు? నేనే. ఏడాది పొడుగునా ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి, పరీక్ష నాడు విడదీశాను.

రిజిస్టరులో సిరాతో రాసింది కొట్టేసే అధికారం నాకు లేదు. మళ్లీ పరీక్ష పెట్టాలంటే డైరెక్టరు సంతకం కావాలి, కొత్త కవరు కావాలి. ఓబులమ్మ మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటోంది. పిలిచి చెబుదామా అనుకున్నాను. తీరా పైన ఒప్పుకోకపోతే ఊరికే ఆశపెట్టినట్టవుతుందని ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, అంత మాట అన్న నోటితో తప్పు నాదని అనడానికి మనసు రాలేదు. ఆమె బిడ్డ చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

పులివెందులలో బస్సు మారి ప్రొద్దుటూరు చేరాను. డైరెక్టరు ఊళ్లో లేరు. ఆయన వచ్చి, నా నోట్ చదివి, బిడ్డను పక్కన ఉంచుకోవచ్చని రాసి సంతకం చేసేసరికి పదకొండు రోజులు పట్టింది. రెండో కవరు సంచిలో పెట్టుకుని లింగాల బస్సెక్కినప్పుడు ఎంత హుషారుగా ఉన్నానో ఇప్పటికీ గుర్తే.

ఓబులమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. షమీమ్ చెప్పింది: “పోయి నాలుగు దినాలాయ సార్. ఆ పని వస్తాదనే ఇన్నాళ్లు మొగుణ్ణి ఆపింది. ఇంక ఏమని ఆపుతాది?” ఏ తోటకు పోయారో ఎవరికీ తెలియదు. ఫోను కలవలేదు. “మీరొక మాట చెప్పింటే ఉండేది సార్,” అని కూడా అంది షమీమ్.

ఆ తర్వాత తాడిపత్రి వైపు ఎవరు పోయినా అడిగించాను. రెండుసార్లు నేనే పోయి తోటల వెంట తిరిగాను. ఉద్యోగం ఉన్నన్నాళ్లు ప్రతి కేంద్రంలో పేర్ల పట్టీ తీయగానే నా కళ్లు ముందు ఆ పేరే వెతికేవి. ప్రసన్న ఇప్పుడు హైస్కూలు వయసు పిల్ల. ఎక్కడైనా చదువుతోందా? ఓబులమ్మ ఎవరికైనా కథ చదివి వినిపిస్తోందా? ఆ గొంతుతో ఒక్క కథయినా వినాలని ఉంది. సీలు విప్పని ఆ కవరు ప్రొద్దుటూరులో నా బీరువాలో ఉంది. అందులో ఏ పది వరుసలు ఉన్నాయో నాకూ తెలియదు.

రిటైరయ్యేదాకా బిడ్డను పక్కన ఉంచే పరీక్ష పెట్టించాను. చదువు నేర్పిన తీరులోనే పరీక్షించాలని ఆ ఊళ్లో తెలుసుకున్నాను. ఇంకొకటి కూడా. తప్పు మనదని తెలిసిన క్షణమే ఎదుటి మనిషికి చెప్పాలి, సంతకాలు తర్వాత తెచ్చుకోవచ్చు. ఆ రోజు ఆమె చెప్పులు వేసుకుంటున్నప్పుడు మా ఇద్దరి మధ్య ఉన్నవి మూడు మెట్లు.